ముందు వరుస

రైల్వే స్టేషన్లో బాంబు పేలి దేశమంతా ఏడ్చిన రోజున మా మరిది పోయాడు. ఏటా ఆ రోజు స్టేషన్ ముందు సంతాప సభ పెడతారు. మొదటి పువ్వు మా అత్తగారి చేత పెట్టిస్తారు. పదిమందిలో ఆవిడ కంటతడి పెట్టడం నేనెన్నడూ చూడలేదు.

ఈసారి సభకు ముందు రోజు వీధి సంఘం అధ్యక్షుడు మా ఇంటికి వచ్చాడు. కళ్ళజోళ్ళ షాపాయన ఏటా భార్యతో వచ్చి వెనక వరుసలో నిలబడతాడు. బాంబు పెట్టినవాళ్ళదీ ఆయనదీ ఒకే మతం. జనం గుర్రుగా ఉన్నారనీ, ఈ ఏడు రావద్దని అత్తగారు చెబితే ఆయన నొచ్చుకోడనీ అధ్యక్షుడు నసిగాడు. పొద్దున్నే వెళ్ళి మాట్లాడతానన్నారు అత్తగారు. నా మనసు చివుక్కుమంది.

తెల్లవారగానే నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. షాపు షట్టర్ మీద ఎవరో ఎర్రరంగుతో 'వెళ్ళిపోండి' అని రాసిపోయారు. మొగుడూ పెళ్ళాం గుడ్డలతో రుద్దుతున్నారు. అత్తగారు తానూ ఓ గుడ్డ అందుకున్నారు.

"మావల్ల మీకు మాటెందుకమ్మా? ఈసారికి మేం రాంలెండి" అన్నాడాయన.

"నా కొడుకు కోసం వచ్చేవాళ్ళని ఆపే హక్కు ఎవరికీ లేదు. మీకూ లేదు."

సభలో వాళ్ళిద్దరినీ ముందు వరుసలో తన పక్కనే నిలబెట్టుకున్నారు. గుసగుసలు మొదలయ్యాయి. వాళ్ళని పంపించేయమని వెనకనుంచి ఎవరో అరిచారు. గొడవ సర్దుదామని ఓ కుర్ర లాయరు, "పాపం ఆ రోజు షాపాయన కూడా గాయపడ్డవాళ్ళని మోసే ఉంటాడు, పోనివ్వండి" అన్నాడు.

అత్తగారు మైకు అందుకున్నారు.

"ఆయన ఎవర్నీ మొయ్యలేదు. జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. మీలో చాలామందిలాగే టీవీ చూస్తూ ఏడ్చాడు. మిమ్మల్ని ఎందుకొచ్చారని నేనడగలేదే, ఆయన్నెందుకు అడగాలి? బాంబు పెట్టినవాళ్ళు జైల్లో ఉన్నారు. వాళ్ళ పాపం తెచ్చి ఈయన నెత్తిన రుద్దితే నా కొడుకు తిరిగొస్తాడా? వాడి పేరు చెప్పి ఎవర్నీ తరమకండి. నేనొప్పుకోను."

కొందరు విసవిసా వెళ్ళిపోయారు. పోతే పోయారు. అదే బాంబుకి భర్తను పోగొట్టుకున్న కూరగాయలావిడ ముందుకొచ్చి, షాపాయన భార్య చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆవిడ వెనకే మరికొందరు కదిలారు. అధ్యక్షుడు పూలబుట్ట తెచ్చి వాళ్ళందరి ముందూ పట్టుకున్నాడు.

అత్తగారికీ నాకూ వంటింట్లో సవాలక్ష పేచీలు. ఆవిడకి నా వంట నచ్చదు, నాకు ఆవిడ సణుగుడు నచ్చదు. కానీ తిరిగొస్తుంటే ఎవరో ముక్కూమొహం తెలియనావిడ నన్ను ఆపి, మైకులో మాట్లాడినావిడ మీకేమవుతారని అడిగింది.

"మా అత్తగారు" అన్నాను, వీధంతా వినపడేలా.