లాకర్లో మిగిలిన చొక్కా

మా బావ నాగవంశీ ఒంటి వాసన మీద రెండేళ్లు కత్తి కట్టాను. తననే పెళ్లి చేసుకున్నాక కూడా బావ అనే పిలిచేదాన్ని. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని, అక్కడి నుంచి మద్దిలపాలెం దాకా కంపెనీ బస్సు. బావ ఇంట్లో అడుగు పెట్టగానే ముక్కు మూసుకునేదాన్ని.

"బస్సులో నీ పక్కన ఎవులు కూకుంతారు బావా?" అని అత్త ముందే దులిపేసేదాన్ని. బావ నవ్వేసి స్నానానికి పోయేవాడు.

చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లాను.

"చెమటకి పెద్దగా వాసనుండదమ్మా. చంకల్లో బతికే బ్యాక్టీరియా దాన్ని తిని వాసన పుట్టిస్తాయి. అవి ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కోరకంగా ఉంటాయి," అంది ఆవిడ. మందు సబ్బు రాసింది. నురగ పట్టించి రెండు నిమిషాలు ఆగి కడుక్కోవాలి, ఒళ్లు బాగా ఆరాకే బట్టలేసుకోవాలి, చొక్కాలు తిరగేసి వేడినీళ్లలో ఉతకాలి. బావ ఒక్కటీ తప్పలేదు. పాత బనియన్లన్నీ నేనే పారేశాను. మూడు నెలల్లో వాసన పోయింది. గెలిచానని ఎంత మురిసిపోయానో!

ఈ వేసవిలో డ్యూటీలోనే బావ గుండె ఆగిపోయింది. ముప్పై నాలుగేళ్లకే.

చుట్టాలంతా వెళ్లాక దిండు ముక్కుకి ఆనించుకున్నాను. తర్వాత దుప్పటి, తువ్వాలు, బీరువాలో ఒక్కో చొక్కా. అంతా సబ్బే. నా చేతులతో నేనే బావని ఇంట్లోంచి ఉతికి పారబోశాను. ఒక్కసారి ఆ వాసన దొరికితే చాలని కుళ్లికుళ్లి ఏడ్చాను.

నెల తర్వాత, బావతో పనిచేసే వాసు ఏవో సంతకాలకి వచ్చాడు.

"అన్న పోయిన ముందురోజు ఇప్పిన డ్యూటీ సొక్కా లాకర్లో ఉండిపోనాది వదినా. పెద్దకర్మ నాడు మీ అత్తకిచ్చినాను," అన్నాడు.

వంటింట్లోకి పరుగెత్తాను. "అత్తా, ఆ సొక్కా ఏదీ?"

అత్త మంగాయమ్మ తన ట్రంకుపెట్టెలోంచి ఇస్త్రీ మడత చెదరని చొక్కా తీసింది.

"కంపు నీకు గిట్టదు కదమ్మా. పారేత్తావేటోనని బయమేసింది. అందుకే ఆ డాట్రమ్మ సబ్బే ఎట్టి, నువ్వు సేసినట్టే తిరగేసి, ఏన్నీళ్లల్లో రెండుసార్లు ఉతికినాను."

చొక్కాలో ముఖం దాచుకున్నాను. ఎంతసేపు పీల్చినా సబ్బు వాసనే.

అత్త భయంభయంగా నా వైపే చూస్తోంది. "ఇంకా వాసనొత్తందేటి?"

"లేదత్తా," అన్నాను. "ఏటీ రాట్లేదు."

"హమ్మయ్య," అంది అత్త.