బ్రిక్స్‌టన్‌లో తెలుగు కరపత్రం

నేను ఒక సైక్లోస్టైల్ యంత్రాన్ని. స్టెన్సిల్ కాగితం మీద రాసింది నాకు తగిలించి, సిరా పోసి, పిడి తిప్పితే కావలసినన్ని నకళ్లు తీసిపెడతాను. లండన్‌లో పుట్టాను. మొదట ఒక చర్చిలో ఉండి, ఓర్పు మీద చాలా ప్రసంగాలు అచ్చువేశాను. వాటిని ఎక్కువగా ఆడవాళ్లకే పంచేవారు. ఆ చర్చి మూతపడ్డాక, డెబ్భైల్లో, అదే ఊళ్లో బ్రిక్స్‌టన్ అనే పేటలోని నల్లజాతి స్త్రీల సంఘం నన్ను కొనుక్కుంది.

సంఘం పెట్టింది గయానా నుంచి వచ్చిన బడిపంతులమ్మ యూనా. నల్లవారి ఉద్యమంలోని మగవాళ్లు ఆమెతో, ముందు జాతి విముక్తి, ఆడవాళ్ల సంగతి తర్వాత అన్నారు. తెల్ల స్త్రీల సభలోనేమో జాతి సంగతే తర్వాత అన్నారు. ఆమె రెండు చోట్ల నుంచీ లేచి వచ్చేసింది.

ఒక శనివారం జమైకా ఆమె హయసింత్ వచ్చింది. ఆస్పత్రిలో గదులు తుడిచే పని ఆమెది. నిండు చూలాలు కాసేపు కూర్చుందని సూపర్‌వైజరు పనిలోంచి తీసేశాడు. యూనా అప్పటికప్పుడు కరపత్రం రాసింది. చివర్లో, ఆఫ్రికాలోని మొజాంబిక్‌లో పోర్చుగీసు పాలన మీద పోరాడుతున్న స్త్రీల గురించీ రాసింది.

హయసింత్‌కు ఒళ్లు మండింది. "పోయింది నా పని. ఎక్కడో ఉన్నవాళ్ల ఊసు నాకెందుకు సిస్టర్?"

అదే ఆస్పత్రిలో నర్సు సలోమి, చీరాల దళితవాడ నుంచి వచ్చిన అమ్మాయి, నెమ్మదిగా అంది: "మా అమ్మ పొగాకు కంపెనీలో ఆకులు ఏరుతుంది. నన్ను కడుపులో మోస్తూ నడుం వాల్చిందని మేస్త్రీ బయటికి గెంటాడు. ఆ పొగాకు ఓడెక్కి ఈ దేశానికే వస్తుంది. నీ సూపర్‌వైజరు కాల్చే సిగరెట్లో ఉన్నది అదేనేమో."

హయసింత్ వెళ్లబోతున్నదల్లా ఆగి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఊళ్లో అమ్మావాళ్లకు పట్టుకెళ్దామని, సలోమి స్టెన్సిల్ మీద ఇనుప గంటంతో కరపత్రాన్ని తెలుగులోనూ రాసింది. అంత గుండ్రటి అక్షరాలు నేనెన్నడూ చూడలేదు. మొదటిసారి సున్నాల దగ్గర స్టెన్సిల్ ఊడి సిరా ముద్దలు కట్టింది. విసుక్కోకుండా మళ్లీ రాసింది.

సోమవారం ఆస్పత్రిలో కరపత్రాలు పంచాక, తుడిచేవాళ్లందరూ తుడుపు కర్రలు పక్కన పెట్టి వరండాలో కూర్చున్నారు. యాజమాన్యం హయసింత్‌ను తిరిగి తీసుకుంది కానీ, కిందనున్న బట్టలుతికే గదికి మార్చింది. సగమే గెలిచారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. చూడ్డానికి వచ్చినవాళ్లు నా తయారీ సంవత్సరం చదివి ముందుకు పోతారు. నాకు మాత్రం సలోమి సెలవు మీద చీరాల వెళ్లి తిరిగొచ్చిన రోజే గుర్తొస్తుంది.

ఆ రోజు హయసింత్ బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. చదువొచ్చిన ఒకామె కరపత్రాన్ని పొగాకు గోడౌన్‌లో అందరికీ చదివి వినిపించిందని సలోమి చెప్పింది. విన్నాక సలోమి తల్లి అడిగిందట: "ఆ పిల్లకి కానుపు సుకంగా అయిందంటా? మళ్లీ పన్లోకి రానిచ్చారా?"

"నా పేరు అక్కడ తెలుసా?" అంది హయసింత్.

"పలకడం రావట్లేదు కానీ, తెలుసు."

హయసింత్ బిడ్డను యూనా చేతికిచ్చింది. తర్వాతి కరపత్రం కోసం కొత్త స్టెన్సిల్ ముందుకు లాక్కుంది.

"మీ అమ్మ పేరేంటి? నెమ్మదిగా చెప్పు. నాకూ పలకడం రావాలి."