ఒకే టేబుల్ మీద పన్నెండు ఆర్డర్లు

మధ్యాహ్నం ఒంటిగంటలోపు తన తప్పేమీ లేదని చూపించలేకపోతే ఉజ్వలను ప్రాజెక్టు నుంచి తీసేస్తారు. జయరాం మాటంటే మాటే. సింగపూర్ వన్-నార్త్‌లో ఆయన కంపెనీ చిన్నదే అయినా, అక్కడ అప్పీళ్లు లేవు.

చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకచోటే ఉండే హాకర్ సెంటర్లలో ఫోన్ మీద భోజనం ఆర్డరు చేసుకునే యాప్ వాళ్లది. సోమవారం ట్రయల్‌లో ఒకరి తిండి ఇంకొకరికి వెళ్లింది. మాంసం ముట్టని ఒక ఆంటీకి చేప తలకాయ కూర అందింది. ఫోన్ల నుంచి వచ్చే రిక్వెస్టులు అందుకునే కోడ్ క్లాసులన్నీ ఉజ్వలే రాసింది కాబట్టి నింద ఆమె నెత్తిన పడింది.

నిజానికి ఆమె పద్ధతిలో వచ్చిన ప్రతి రిక్వెస్టుకూ దాని వివరాలు దాచుకునే కొత్త ఆబ్జెక్టు పుట్టేది. వేగం పెరుగుతుందని టీమ్ లీడర్ కృష్ణప్రసాద్ దాన్ని మార్చాడు. సర్వర్ మొదలవగానే ఒకే ఒక్క ఆబ్జెక్టు చేసి, అందర్నీ దాని మీదికే తోలాడు.

"నా మార్పు వల్ల కాదు. ఇదిగో చూడండి సార్!" అని తన ఫోన్‌లో ఒక ఆర్డరు పెట్టి చూపించాడు. చక్కగా వచ్చింది. ఒక్కడే నొక్కితే రాక ఏం చేస్తుంది?

గట్టిగా అడుగుదామంటే అతను అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్లబట్టలు, నుదుట విభూతి. పూజకని ఐదింటికే వెళ్లిపోతున్నా జయరాం కిమ్మనడు. మంగళవారం సాయంత్రం ఊరి ఉత్తరాన యీషున్‌లో మటన్ బిర్యానీ కొట్టు ముందు లైన్లో ఆ నల్లబట్టల్ని చూసిన సంగతి ఉజ్వల ఎవరికీ చెప్పలేదు.

పన్నెండున్నరకు లేచి నిలబడింది.

"సార్, ఇవాళ లంచ్ కంపెనీదే. పన్నెండు మందిమీ ఒకేసారి ఆర్డరు పెడదాం. ఎవరికిష్టమైంది వాళ్లు. ఎవరేం తెప్పించుకున్నారో పక్కవాళ్లకు తెలియదు."

"నాకెందుకమ్మా? పళ్లు తెచ్చుకున్నాను," అన్నాడు కృష్ణప్రసాద్.

"యాప్‌లో పళ్లు కూడా ఉన్నాయి స్వామీ!"

టెస్టింగ్ చేసే యోగిత, సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, మూడు లెక్కపెట్టింది. అందరూ నొక్కారు. కృష్ణప్రసాద్ మాత్రం అటూ ఇటూ చూసి, ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి, అందరికన్నా చివర నొక్కాడు.



"వా! స్వామి ఆర్డర్ నా ఫోన్‌లో ఎందుకుంది లా?" అంది యోగిత తన సింగపూర్ యాసలో.

చేప సూప్ అడిగిన జయరాం తన ఫోన్ చూసుకున్నాడు. 'కృష్ణప్రసాద్. మటన్ బిర్యానీ. ముక్కలు ఎక్కువ.' పన్నెండు ఫోన్లలోనూ అదే.

"ఏందమ్మా ఇది?"

"హాకర్ సెంటర్‌లో టిష్యూ పేకెట్ పెట్టి టేబుల్ చోప్ చేస్తాం, అంటే మనదని పట్టి ఉంచుతాం కదా సార్. పన్నెండు మందికీ ఒకటే టేబుల్ ఇచ్చారనుకోండి. కొట్టువాడి జవాబు కోసం సర్వర్ ఆగినప్పుడల్లా, మన టిష్యూ తీసి ఇంకొకరు తమది పెట్టేస్తారు. చివరి టిష్యూ ఎవరిదైతే వడ్డనంతా వాళ్ల పేరు మీదే. నేను మనిషికో టేబుల్ వేశాను. స్వామి తీసేశారు."

కృష్ణప్రసాద్ నుదుట విభూతి చెమటకు కారుతోంది.

"నేను బిర్యానీ పెట్టలేదు సార్! ఎవరిదో ఆర్డరుకు నా పేరు తగులుకుంది. అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి కదా!"

"అంటే లోపం ఉన్నట్టే కదా స్వామీ?" అంది ఉజ్వల మెత్తగా.



"లోపమా, బిర్యానీయా?" జయరాం కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఏదో ఒకటి చెప్పు స్వామీ. రెండూ లేవంటే కుదరదు."

కృష్ణప్రసాద్ మెడలోని మాలను ఒకసారి తడుముకున్నాడు.

"లోపమే సార్. నా మార్పు వల్లే."

"ఉజ్వలా, ఆ మార్పు తీసెయ్. ఇకనుంచి ఈ ప్రాజెక్టు నువ్వే చూసుకో."

ఆమె పదిహేను నిమిషాల్లో పాత పద్ధతి తిరిగి పెట్టేసింది. అప్పటికే కొట్టుకు చేరిపోయిన ఆర్డర్లను మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. ఒంటిగంటకు పన్నెండు మటన్ బిర్యానీ పొట్లాలు ఆఫీసులోకి వచ్చాయి. కొట్టువాడు ముక్కలు ఎక్కువే వేశాడు.

పదకొండు మంది చేతులు కడుక్కున్నారు. కృష్ణప్రసాద్ అరటిపండు ఒలుచుకున్నాడు.

"మీ వంతు పొట్లం కూడా నేనే తినేస్తాను స్వామీ," అంది ఉజ్వల రెండో పొట్లం విప్పుతూ. "మీ ఎదురుగా ఉంచడం పాపం."