పెదనాన్న కనిపెట్టిన రోగం

పెదనాన్నకు తెలియని విషయమంటూ లోకంలో ఇంకా పుట్టలేదు. బతుకుతెరువు గడియారాల రిపేరు. తీరిక దొరికితే అందరి రోగాలూ కనిపెట్టడం. అందుకే తమ్ముడి కూతురు బుజ్జాయి పొద్దున్న లేస్తూనే తలనొప్పి అంటూ వాంతులు చేసుకుంటుంటే, ఆయన కుర్చీలోంచి కదలకుండానే తేల్చేశాడు.

“బడి ఎగ్గొట్టే నాటకం. నేనూ ఆడినవాణ్ణే.”

పిల్లల డాక్టరూ తక్కువ తినలేదు. పొట్ట నొక్కి, గ్యాస్ అని తీపి మందొకటి రాశాడు. మందు బుజ్జాయికి నచ్చింది. వాంతులకే నచ్చలేదు.

తర్వాత పిల్ల తూలసాగింది. గోడ పట్టుకుని నడుస్తుంటే, “నటనలో ఎంత ఎదిగిందో!” అని పెదనాన్న మురిసిపోయాడు. ఆ రోజే బుజ్జాయి గ్లాసులో పోయాల్సిన నీళ్ళు బల్ల మీద పోసింది.

“అమ్మా, రెండు గ్లాసులు కనిపిస్తున్నాయి. అసలుది ఏది?”

అమ్మ ఇక ఎవరి సలహా అడగలేదు. నేరుగా కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసింది.

“కంటి వెనక నరం వాచిందమ్మా. కళ్ళజోడుతో పోయేది కాదు. ఇటునుంచి ఇటే పెద్దాసుపత్రికి వెళ్ళి తల స్కాన్ చేయించండి.”

చిన్నమెదడులో నిమ్మకాయంత గడ్డ. నాటకానికి అంత సరంజామా ఎక్కణ్ణుంచి వచ్చిందో పెదనాన్న చెప్పలేకపోయాడు.

ఆపరేషన్ చేసి గడ్డ మొత్తం తీసేశామన్నాడు సర్జన్. అమ్మ సంతోషంతో ఏడ్చింది. కానీ బుజ్జాయికి మాట పోయింది. చూస్తుంది, నోరు విప్పదు.

“ఈ ఆపరేషన్ తర్వాత కొందరు పిల్లలకు ఇలా అవుతుంది. మాట వస్తుంది. ఎప్పుడో నాకు తెలీదు” అన్నాడు సర్జన్.

తెలీదని ఒప్పుకునే డాక్టరు మీద పెదనాన్నకు గురి పోయింది.

వారాలు గడిచాయి. అమ్మ కథలు చెప్పింది, నాన్న బతిమాలాడు. పెదనాన్న రోజూ మంచం పక్కన కూర్చుని ఉపన్యసించాడు.

“చిన్నమెదడంటే ఏంటో తెలుసా తమ్ముడూ? మన నడక, మన తూకం...”

“పె... ద... నాన్నా.”

ముగ్గురూ మంచం మీదికి వంగారు.

“కాసేపు... ఊరుకో.”

నాన్న గోడవైపు తిరిగి భోరుమన్నాడు. పెదనాన్న వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని, అటుగా వచ్చిన నర్సును ఆపాడు.

“మాట తెప్పించింది నేనేనమ్మా. వీళ్ళ వల్ల కాలేదు.”

అమ్మ విన్నది. మొదటిసారి ఆయన మాట కాదనలేదు.

కంటికి కనిపించకుండా మిగిలిందేమైనా ఉంటే పోవడానికి రేడియేషన్ కూడా ఇవ్వాలన్నారు. తీసుకెళ్ళే పని పెదనాన్న పట్టుబట్టి తీసుకున్నాడు. ఆటోలో దారి పొడుగునా ఆయన వైద్యం బోధిస్తాడు. బుజ్జాయి ఆయన భుజం మీద తల వాల్చి, ఏ మొహమాటమూ లేకుండా నిద్రపోతుంది.