బావ చేతిలో నాబ్, బామ్మర్ది చేతిలో లాప్‌టాప్

నేను ఒక రోటరీ ఇంజిన్‌ని. నాకు పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. లోపల సమోసాల్లా మూడు మూలలతో ఉబ్బిన రెండు ఇనుప రోటర్లు గిరగిరా తిరుగుతుంటాయి, అంతే. ఈ మాట వినగానే మెకానిక్కులు పెదవి విరుస్తారు. నాకది అలవాటైపోయింది.

పుట్టింది జపాన్‌లో, ఒక స్పోర్ట్స్ కారు కోసం. నా మొదటి యజమాని ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు కూడా నన్ను గుర్రుమనిపించేవాడు, పక్క కార్లలో వాళ్ళు తిరిగి చూడాలని. వాళ్ళు చూసేవాళ్ళు, ఇతను గమనించనట్టు నటించేవాడు. ఒక వానరోజు కారు గోడకు గుద్దుకుంది. అతనికి గీత కూడా పడలేదు గానీ కారు పనికిరాకుండా పోయింది. నన్ను మాత్రం ఊడదీసి ఓడెక్కించారు. అలా చెన్నైలో ఒక పాత విడిభాగాల గోడౌన్ చేరి, గేరుబాక్సుల మధ్య దుమ్ము కొట్టుకుపోతుంటే ఓబులపతి వచ్చాడు.

ఓబులపతిది అనంతపురం. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. సొంతంగా రెండు సీట్ల విమానం కడుతున్నానంటే అందరూ మర్యాదగా తల ఊపి, అతను అటు వెళ్ళగానే నవ్వుకునేవాళ్ళట. బరువు తక్కువ, బలం ఎక్కువ అని నన్ను ఏరుకున్నాడు. టార్చిలైటు వేసి నన్ను చూసి అతను మురిసిపోయిన తీరు ఇప్పటికీ మరిచిపోలేను. ఇంటికి తీసుకెళ్ళి, సోఫా జరిపించి మరీ హాల్లో పెట్టాడు. భార్య తులసమ్మ చుట్టూ తిరిగి చూసి, "ఈ చుట్టం ఎన్నాళ్ళుంటాదంట?" అని అడిగింది. చాలాకాలమే ఉన్నాను. ఇల్లు ఊడ్చినప్పుడల్లా పాపం నన్నూ తుడిచేది.

నన్ను ముక్కు దగ్గర బిగించి విమానం పూర్తి చేశాక అసలు కష్టం మొదలైంది. నా కష్టమంతా తిండి దగ్గరే. గాలికి తగ్గట్టు పెట్రోలు పడాలి. ఎక్కువైతే నల్లపొగ కక్కుతాను, తక్కువైతే వేడెక్కి దగ్గుతాను. ఆ కొలత కుదర్చడానికి రెండు ఏర్పాట్లున్నాయి. విమానంలో సీటు ముందు ఒక నాబ్ ఉంటుంది. అది తిప్పితే అన్ని వేగాల్లోనూ పెట్రోలు ఒకేలా తగ్గుతుంది, లేదా పెరుగుతుంది. రెండోది లాప్‌టాప్. అందులో ఒక్కో వేగానికి ఒక్కో అంకె. ఆ అంకెలు చూసేది తులసమ్మ తమ్ముడు మద్దిలేటి. నాబ్ దగ్గర బావ, లాప్‌టాప్ దగ్గర బామ్మర్ది. ఇంకేం కావాలి!

ఊరి బయట పాడుపడిన ఎయిర్‌స్ట్రిప్‌లో, విమానం ముందుకు పరుగెత్తకుండా తోకను ట్రాక్టరుకు కట్టేసి నన్ను నడిపేవాళ్ళు. తులసమ్మ చెవుల్లో దూది పెట్టుకుని, మంటలార్పే సిలిండరు పట్టుకుని రెక్క పక్కన నిలబడేది. ఒక వేగంలో శుభ్రంగా తిరిగేదాన్ని. వేగం మార్చగానే దగ్గు. మరుసటి వారం అక్కడ కుదిరేది, ఇంకోచోట దగ్గు. అందరూ నన్నే తిట్టారు.

చివరికి ఫ్లయింగ్ క్లబ్ నుంచి కెప్టెన్ చక్రపాణి ఆదివారం చూడటానికి వస్తానన్నాడు. ఆయన సరేనంటేనే ఎగరడం. ఆ సంగతి విని తులసమ్మ మొగుడికి ఖచ్చితంగా చెప్పేసింది.

"దగ్గే ఇంజన్ ఎనక నిన్ను కూసోబెట్టి పైకి పంపేదానికి నాకేం పిచ్చా? సారు ముందర గంటసేపు దగ్గకుండా తిరిగిందా, సరి. లేదంటే పాత ఇనుము కింద గుజిరీకి ఏసేస్తా. రెక్కలు పశువుల కొట్టానికి కప్పుకుంటా."

ఓబులపతి ముఖం వాడిపోయింది. నా సంగతి సరేసరి.

శనివారం పొద్దున్నే నన్ను నడుపుతుండగా మద్దిలేటి ఉగ్గాని, బజ్జీలు తేవడానికి వెళ్ళాడు. అతను అటు వెళ్ళగానే ఓబులపతి నాబ్ కాస్త తగ్గించాడు. బామ్మర్ది పెట్రోలు మరీ ధారపోస్తున్నాడని అతని నమ్మకం. మొహం మీద చెబితే నొచ్చుకుంటాడని మొహమాటం. తిన్నాక ఓబులపతి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. మద్దిలేటి మీటరులో పెట్రోలు తక్కువ పడటం చూసి, బావకు చెప్పకుండా లాప్‌టాప్‌లో అంకె పెంచాడు. బావ మాట కాదనడం అతని వల్ల కాదు. అక్కను కట్టుకున్న మనిషి, పైగా కాలేజీలో తనకు పాఠం చెప్పినవాడు. ఇన్నాళ్ళూ జరుగుతున్నది ఇదే. నాబ్ అన్నిచోట్లా కోసేస్తోంది, లాప్‌టాప్ ఆ ఒక్క వేగం దగ్గర పూడుస్తోంది. నాకు నోరుంటే ఎప్పుడో చెప్పేదాన్ని.

ఆ రోజు తులసమ్మ రెండూ చూసింది. వచ్చి స్విచ్ కట్టేసింది.

"మీ ఇద్దరి మర్యాదకు దీని పానం పోతాంది. నువ్వు తగ్గిస్తావ్, వాడు పెంచుతాడు, దగ్గేది మాత్రం ఇది! ఇంక ఏం చేసినా నా ముందర నోరు తెరిచి చెప్పి చేయండి."

ఇద్దరూ తలలు దించుకున్నారు. నాబ్ మధ్యకు తెచ్చారు, పాత అంకెలన్నీ తీసేశారు. మళ్ళీ మొదటినుంచి ఒక్కో వేగం. పూర్తి వేగానికి వచ్చాక ఓబులపతి "ఇంకొంచెం తగ్గించు" అన్నాడు. మద్దిలేటి వేళ్ళు కదల్లేదు.

"తగ్గిస్తే కాలిపోతాది బావా. నువ్వు చెప్పేది తప్పు."

ఓబులపతి చెవులు ఎర్రబడ్డాయి. "ఏమిరా, ఎప్పట్నించి ఈ ధైర్యం?"

"ధైర్యం కాదు బావా, భయం. నువ్వు పైనుండంగా ఇది ఆగిపోతే మా అక్కకు నేనేం జెప్పాల?"

ఓబులపతి నాబ్ మీంచి చెయ్యి తీసేశాడు. తర్వాత మెల్లగా, "ఎంత పెట్టాలో నువ్వే చెప్పు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నెమ్మది వేగం దగ్గర మాత్రం బావదే ఒప్పని తేలింది. ఆ సాయంత్రానికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి, నా దగ్గు పోయింది.

ఆదివారం కెప్టెన్ గారు గంటసేపు నా పక్కనే నిలబడ్డారు. ఏ వేగానికి మార్చినా నేను తొణకలేదు. ఆయన సరేనంటూ ఓబులపతి చెయ్యి పట్టుకుని ఊపారు. తులసమ్మ కళ్ళు తుడుచుకుని, పొగ వల్ల అంది. ఆ రోజు నాలో పొగే లేదు.

ఆ తర్వాత ఓబులపతి ఒంటరిగా చాలాసార్లు ఎగిరాడు. కింద వేరుశనగ చేలు, పైన నేను, నా హోరు. ఒక చలికాలపు ఉదయం అతను విమానం దించి నన్ను ఆపబోతుంటే తులసమ్మ వద్దంది. చీర కొంగు నడుముకు చుట్టి బిగించి, రెక్క మీద కాలు పెట్టి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న రెండో సీట్లో కూర్చుంది.

ఇద్దరి బరువుకు పెట్రోలు పెంచాలా వద్దా అని సీట్లో బావ, కింద బామ్మర్ది అప్పుడే వాదులాటకు దిగారు. ఎయిర్‌స్ట్రిప్ అవతలి చివరికి కూడా వినపడేలా అరుచుకుంటున్నారు.

"అరుచుకోనీ," అంది తులసమ్మ నాతో, బెల్టు పెట్టుకుంటూ, "అయినంక పోదాం."