ఇస్త్రీ పెట్టె ఎవరి చేతిలో

నెలలో మూడో చొక్కా కాలిన రోజున ఇస్త్రీ ఆయనతో భార్య గొడవ పెట్టుకోలేదు. పెట్టుకుని ఉంటే అతను బతికిపోయేవాడు. తిట్లకి అతని దగ్గర జవాబులు ఎప్పుడూ మడతపెట్టి సిద్ధంగా ఉంటాయి. ఆమె చొక్కాని వెలుతురుకి ఎత్తి, వీపు మీద అచ్చం పెట్టె ఆకారంలో పడిన గోధుమరంగు మచ్చని కాసేపు చూసి, పక్కన పెట్టింది.

"ఇంకొక్కటి కాలిందా, పెట్టె నాది. మీరు గుండీలు కుట్టుకుంటూ, మూటలు ఇళ్లకి ఇచ్చి వస్తూ ఉండండి" అంది.

ఇరవై ఆరేళ్లుగా ఆ దుకాణంలో పెట్టె అతని చేతిలోనే ఉంది. ఆమె బట్టలు విడదీస్తుంది, నీళ్లు చల్లుతుంది, మడతలు పెడుతుంది, గుర్తుచీటీలు కడుతుంది. పెట్టె మాత్రం అతనిది. ఇస్త్రీలో స్త్రీ ఉన్నా పెట్టె పురుషుడిదేనని పెళ్లయిన కొత్తలో ఒక మాట విసిరాడు. దానికి ఆమె అప్పుడూ నవ్వలేదు, ఇప్పటికీ నవ్వలేదు.

అతని రోగం ఏమిటో వీధి వీధంతటికీ తెలుసు. చెయ్యి కాలరు మీద, మనసు బావమరిది మీద. పోయిన ఏడాది ఒక విందులో, పదిమంది ముందు, ఆ బావమరిది వడ్డన మధ్యలో తల ఎత్తి, "బావా, నువ్వు బట్టలకి ఇస్త్రీ చేస్తున్నావా, దహనం చేస్తున్నావా?" అన్నాడు. దీటైన జవాబు ఆ పూటకి తట్టలేదు. అప్పటినుంచి వెతుకుతూనే ఉన్నాడు. ఒక్కో జవాబూ కుదిరినట్టే కుదిరి, చివర్లో ముడతపడేది. ఆ ముడత సాపు చేసేలోపల కింద చొక్కా పొగ వదిలేది.

పరధ్యానానికి ధ్యానమే విరుగుడనీ, ముందున్న ఆ 'పర' ఊడగొట్టుకుని రమ్మనీ సలహా ఇచ్చినవాడు పక్క వీధి మందుల షాపాయన. కొండవాలు మీద ఏడు రోజుల మౌన శిబిరంలో చేరాడు. ఫోన్లు బీరువాలో, చెప్పులు గుమ్మం బయట, ఎవరి మాటలు వాళ్ల కడుపులో. శిబిరం నడిపే పెద్దావిడ మొదటి సాయంత్రమే శ్వాస మీద ధ్యాస పెట్టమంది. ప్రాస బాగుంది గనక ఆ మాట అతనికి నచ్చింది. ధ్యాస మాత్రం వెళ్లి బావమరిది ఒళ్లో కూర్చుంది. మూడు రోజులు అలాగే గడిచాయి: లోపలికి వెళ్లే ఊపిరితో ఒక జవాబు, బయటికొచ్చే ఊపిరితో దానికి సవరణ.

శిబిరంలో ప్రతివాళ్లూ రోజుకో గంట పని చెయ్యాలి. దరఖాస్తులో వృత్తి ఏమిటో నిజాయితీగా రాశాడు గనక అతని ముందు నలభై దుప్పట్లు దొంతర పెట్టారు. దీన్నుంచి పారిపోయే కదా ఇక్కడికొచ్చింది అని ఒక చీటీ రాసి ఇచ్చాడు. పెద్దావిడ ఆ చీటీ కిందే "దీన్నుంచి కాదు" అని రాసి తిప్పి పంపింది.

నాలుగో రోజు పెట్టె పట్టుకున్నాడు. రేడియో లేదు, వీధి లేదు, వాదించడానికి మనిషి లేడు. తెల్లటి దళసరి నూలు మీద పెట్టె వెళ్లడం, రావడం. పదిహేనో దుప్పటి దగ్గరో ఎక్కడో బావమరిది లేచి వెళ్లిపోయాడు. వెళ్లడం అతను చూడలేదు, లేకపోవడమే తెలిసింది. ఏడో రోజు దాకా ఒక్క దుప్పటికీ మచ్చ పడలేదు.

ఇంటికి సగం మనిషిగా, సగం మహర్షిగా తిరిగొచ్చాడు. మర్నాడు పొద్దున్నే దుకాణంలో రేడియో పీకేశాడు. భార్య ఏదడిగినా సైగలే. గుమాస్తా గారి పాలియెస్టర్ చొక్కా బల్ల మీద పరిచి, పెట్టె ఆనించి, కళ్లు అరమూసి, ఊపిరి లోపలికి వెళ్లడం గమనించాడు. బయటికి రావడం గమనించాడు. మూడో ఊపిరితో పాటు కమురు వాసన కూడా లోపలికి వెళ్లింది. దాన్ని కూడా, శిబిరంలో నేర్పినట్టే, మంచీ చెడూ ఎంచకుండా గమనించాడు.

స్విచ్చు ఆపింది భార్యే.

"అక్కడ దుప్పట్లు కాలలేదంటున్నారు. దుప్పటికి కాలరుందా? గుండీ ఉందా? అవి కాలకపోవడం మీ గొప్పా, దుప్పటి గొప్పా?" పెట్టెని తనవైపు జరుపుకుంది. "ఊపిరి గమనించారు, బాగానే ఉంది. చొక్కాని ఎవరు గమనించాలి?"

అతను పెట్టె పిడి వదిలేశాడు. జవాబు వెతకబుద్ధి కాలేదు.

ఆ రోజునుంచి ఆమె పెట్టె దగ్గర, అతను బల్లకి ఈ చివర. మొదటి వారం సిగ్గుగా ఉండేది. వచ్చిన ప్రతివాళ్లూ అతని చేతివంకే చూసేవాళ్లు. రెండో వారానికి గుండీలు కనిపించడం మొదలైంది. ఒకే చొక్కాకి ఐదు తెల్లవి, ఒకటి దంతం రంగుది. ఎవరో తల్లో, భార్యో తొందరలో కుట్టినది. ఇన్నేళ్లూ ఇవన్నీ తన చేతుల్లోంచే వెళ్లాయి.

మూడో వారంలో బావమరిది వచ్చాడు. స్టూలు లాక్కుని కూర్చుని, "ఏం బావా, పెట్టె దించేసి గుండీల శాఖ ఇచ్చారట?" అన్నాడు.

ఈసారి జవాబు వెంటనే వచ్చింది. ముడత లేని, గంజి పెట్టిన జవాబు. కానీ అదే క్షణాన అతని బొటనవేలి కింద ఒక గుండీ ఒంటి దారం మీద వేలాడుతోంది. సూదిలో దారం ఎక్కించేసరికి జవాబు జారిపోయింది.

బావమరిది అక్కతో తన కూతురి పెళ్లిచూపుల సంగతి మొదలుపెట్టాడు. అబ్బాయి తల్లి ఏమందో చెబుతుంటే ఆమె పూర్తిగా తమ్ముడివైపు తిరిగిపోయింది. చేతి కింద పెట్టె నిలిచిపోయింది. వాసన ఇంకా పుట్టలేదు. పుట్టబోయే ముందు, నీళ్లు చల్లిన చొక్కా మీంచి ఆవిరి రావడం ఆగిపోతుంది, అంతే. ఆగిపోవడం అతనికి కనిపించింది. ఆమె పిడి వదిలి, అబ్బాయి తల్లిని తప్పుపడుతూ చెయ్యి తిప్పిన క్షణంలో, అతను చెయ్యి చాచి పెట్టెని దాని మడమ మీద నిటారుగా నిలబెట్టాడు. మళ్లీ సూది అందుకున్నాడు.

చొక్కా తెల్లగానే ఉంది. మీ అక్క చేతిలోనూ చొక్కా కాలబోయిందని ఒక్క మాట అంటే ఏడాది లెక్క ఒక్క దెబ్బతో తేలిపోయేది. వినాల్సినవాడు మూడడుగుల దూరంలోనే ఉన్నాడు. అతను కుట్టుకుంటూ కూర్చున్నాడు. బావమరిది ఇంకాస్త మాట్లాడి, చెప్పులేసుకుని వెళ్లాడు.

"ఇందాక పెట్టె నేను నిలబెట్టలేదు" అంది ఆమె.

"ఊఁ."

"మా తమ్ముడి ముందు అనలేదేం?"

అతను ఆలోచించి చూశాడు. చెప్పదగ్గ కారణం ఏదీ కనిపించలేదు. "గుండీ ఊడిపోతోంది" అన్నాడు.

ఆమె పెట్టె పిడిని అతనివైపు తిప్పి, బల్ల దగ్గర తన చోటు ఖాళీ చేసింది. అతని చేతిలో గుండీకి ఇంకా రెండు కుట్లు మిగిలి ఉన్నాయి. అవి పూర్తి చేసి, దారం కొరికి, గుండీని ఒకసారి లాగి చూసుకున్నాకే అతను లేచాడు.