కనపడని గీత

"గాజు మీద చుక్క పడిందంటే మన ఇల్లమ్మినా చాలదే!"

తబస్సుం ఇంకా రంగుసీసా మూతైనా తీయలేదు, తల్లి హసన్‌బీ అప్పుడే దడుచుకుంది.

అది జగ్గయ్యపేట పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ సతీష్‌బాబు లెన్సు. గొట్టం మీద నల్లరంగు గీసుకుపోయింది. మెహందీ పెట్టడంలో నందిగామలో తబస్సుం చేతికి తిరుగులేదని నమ్మి, ఆ గీత కనపడకుండా రంగు వేయమని తెచ్చిచ్చాడు.

"గాజుకు మూత పెట్టాగా అమ్మీ!"

"మూత మీద నా రుమాలు కూడా చుట్టు."

"ఇంకా నయం, దుప్పటి కప్పమన్లేదు!"

రుమాలు చుట్టి, సన్నకుంచెతో గీతంతా రంగు అద్దింది.

మర్నాడు సతీష్‌బాబు వచ్చి లెన్సును వెలుతురులో తిప్పితిప్పి చూశాడు. హసన్‌బీ దగ్గరికొచ్చి తొంగిచూసింది.

"పాడైందా బాబూ?"

అతను మళ్లీ ఓ చుట్టు తిప్పాడు.

"గీత ఎక్కడుండేదో వెతుకుతున్నా పిన్నీ. దొరకట్లా!"